‘అక్కడ మనవాళ్లు ఎంతమంది?’: ఎడిసన్‌కి మారేవాళ్ల ప్రశ్న, దాని వెనకున్న కథ

న్యూజెర్సీలో ఇల్లు వెతుక్కునే తెలుగు కుటుంబం రియల్ ఎస్టేట్ ఏజెంటుని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆ ఏరియాలో మనవాళ్లు ఎంతమంది ఉంటారండీ?" ఆ ఏజెంటు కూడా తెలుగాయనే కావచ్చు. ఆయన పిల్లలూ అదే బడిలో చదువుతూ ఉండొచ్చు. అయినా సూటిగా జవాబు రాదు. "అది నేను చెప్పకూడదండీ, సెన్సస్ లెక్కల్లో చూసుకోండి" అంటారు. కొత్తగా వచ్చినవాళ్లకి ఇది వింతగానూ, కాస్త చిరాగ్గానూ ఉంటుంది. మన మనిషే అయ్యుండి ఈ మాత్రం చెప్పడా అనిపిస్తుంది.

చెప్పకపోవడానికి కారణం 1968 నాటి ఫెడరల్ చట్టం, ఫెయిర్ హౌసింగ్ యాక్ట్. ఆ చట్టం ఎందుకు అవసరమైందో అర్థమైతే, న్యూయార్క్ పక్కనున్న ఎడిసన్ లాంటి ఊరు ఎలా తయారైందో కూడా అర్థమవుతుంది. ఇంకో విషయం కూడా తేటపడుతుంది. ‘మనవాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు’, ‘అన్ని రకాల మనుషులూ ఉన్న ఊరు’ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. అవి రెండూ వేరు. ఆ తేడా తెలియకుండా మారినవాళ్లే తర్వాత ఎక్కువగా ఆశ్చర్యపోతారు.

పోస్టల్ అడ్రసు ఒకటి, ఊరు మరొకటి

శివారు అనగానే మనకి హైదరాబాదు గుర్తొస్తుంది. అక్కడ నగరం పెరిగేకొద్దీ శివారు అందులో కలిసిపోతుంది. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలుపుకునే జీహెచ్ఎంసీ ఏర్పడింది. న్యూజెర్సీలో ఇలా జరగదు. అక్కడి శివారు ఊళ్లు వేటికవే విడి ప్రభుత్వాలు. చిన్న రాష్ట్రమే అయినా 564 మున్సిపాలిటీలున్నాయి. ఒక్కోదానికీ సొంత మేయరు, సొంత పన్ను రేటు ఉంటాయి. చాలావాటికి సొంత పోలీసు కూడా ఉంటుంది. బడుల పాలన కూడా చాలావరకు ఊరి పొలిమేరల్ని బట్టే నడుస్తుంది.

ఎడిసన్ మిడిల్‌సెక్స్ కౌంటీలో ఒక టౌన్‌షిప్, అంటే ఒక రకం మున్సిపాలిటీ. 1954 వరకు దాని పేరు రారిటన్ టౌన్‌షిప్. థామస్ ఎడిసన్ 1876లో ప్రయోగశాల పెట్టిన మెన్లో పార్కు ఈ ఊళ్లోదే కాబట్టి ఆయన పేరు పెట్టుకున్నారు. 2020 లెక్కల ప్రకారం జనాభా 1,07,588. పటంలో చూస్తే ఈ ఊరు గారెలా ఉంటుంది, మధ్యలో చిల్లు. ఆ చిల్లు మెటచెన్ అనే వేరే ఊరు. చుట్టూ ఎడిసనే అయినా దాని మేయరు, దాని బడులు వేరు.

ఐస్లిన్‌ది ఇంకో తిరకాసు. ‘ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు’ అని మనం చెప్పుకునే దుకాణాల వరసలో పెద్ద భాగం నిజానికి ఐస్లిన్‌లో ఉంది. ఐస్లిన్ ఊరు కూడా కాదు, వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లో ఒక పేట. దానికంటూ పిన్ కోడ్ ఉంది గానీ మేయరు లేడు. ఉదాహరణకి ఒక కుటుంబం ‘ఎడిసన్ బడులు బాగుంటాయట’ అని విని, ఓక్ ట్రీ రోడ్డుకి నడిచి వెళ్లేంత దూరంలో ఐస్లిన్‌లో అపార్ట్‌మెంట్ తీసుకుందనుకుందాం. గుడి, కూరగాయల కొట్టు, దోసెల హోటలు అన్నీ వాళ్లు ఊహించినట్టే ఉంటాయి. పిల్లల అడ్మిషన్ మాత్రం వుడ్‌బ్రిడ్జ్ బడుల్లో వస్తుంది. అవి మంచివా కాదా అన్నది వేరే మాట. వాళ్లు అనుకున్నది ఒకటి, దొరికింది మరొకటి.

శివారు అందరిదీ కాని రోజులు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో శివారు ఇళ్లు వేల సంఖ్యలో లేచాయి. 1947లో లాంగ్ ఐలాండ్‌లో మొదలైన లెవిట్‌టౌన్ వాటికి నమూనా. ప్రభుత్వ హామీతో తేలిగ్గా లోన్లు, ఒకే అచ్చు ఇళ్లు, పెరడు, కారు. అయితే ఆ ఇళ్లు నల్లవాళ్లకి అమ్మేవాళ్లు కాదు. చాలా చోట్ల దస్తావేజుల్లోనే తెల్లవాళ్లకి తప్ప అమ్మకూడదనే షరతు ఉండేది. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయడానికి వీల్లేదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయినా అలవాటు పోలేదు. 1930ల నుంచీ ప్రభుత్వ సంస్థలే నగరాల పటాల్లో నల్లవాళ్లుండే పేటలకి ఎర్ర రంగు పూసి ‘లోను ఇవ్వడం ప్రమాదం’ అని గుర్తు పెట్టాయి. రెడ్‌లైనింగ్ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది.

1968 చట్టం అమ్మకంలోనూ, అద్దెలోనూ, లోన్లలోనూ జాతి, మతం, పుట్టిన దేశం చూసి వివక్ష చూపడాన్ని నిషేధించింది. ఏజెంట్లు మనిషిని చూసి ఊరు చూపించడం కూడా నేరమైంది. దీన్ని స్టీరింగ్ అంటారు. "మీకు ఆ ఊరైతే బాగుంటుంది, మీవాళ్లు ఎక్కువ" అన్న మాట ఎంత ప్రేమగా చెప్పినా స్టీరింగ్ కిందికే వస్తుంది. ఈ జాగ్రత్త అతి అనుకోనక్కర్లేదు. లాంగ్ ఐలాండ్ పత్రిక న్యూస్‌డే 2019లో బయటపెట్టిన పరిశోధనలో రహస్య కెమెరాలతో జంటలుగా మనుషుల్ని ఏజెంట్ల దగ్గరికి పంపారు. తెల్లవాళ్లతో పోలిస్తే నల్లవాళ్లకి 49 శాతం, లాటినోలకి 39 శాతం, ఆసియన్లకి 19 శాతం పరీక్షల్లో వేరే రకం మర్యాద దక్కింది. అది చట్టం వచ్చిన 50 ఏళ్ల తర్వాత సంగతి.

కాబట్టి ఆ తెలుగు ఏజెంటు నోరు మెదపకపోవడం మనకి విసుగు తెప్పించినా, ఆ మౌనం వల్లే మనలాంటివాళ్లకి ఊరూరా తలుపులు తెరుచుకున్నాయి.

ఓక్ ట్రీ రోడ్డు ఎలా నిండింది

1965 వలస చట్టం దేశాలవారీ పాత కోటాల్ని రద్దు చేశాక భారతీయ ఇంజినీర్లు, డాక్టర్లు, శాస్త్రవేత్తలు రావడం మొదలైంది. సెంట్రల్ జెర్సీలో వాళ్లకి పనులు దొరికాయి. న్యూ బ్రన్స్‌విక్‌లో జాన్సన్ అండ్ జాన్సన్, రట్గర్స్ విశ్వవిద్యాలయం, చుట్టుపక్కల బెల్ ల్యాబ్స్, మందుల కంపెనీలు ఉన్నాయి. 1971లో మెట్రోపార్క్ రైల్వే స్టేషన్ తెరిచారు. కారు అక్కడ పెట్టి రైల్లో న్యూయార్క్ వెళ్లి రావచ్చు. టర్న్‌పైక్, పార్క్‌వే, రూట్ 1, 287 రహదారులన్నీ ఈ చుట్టుపక్కలే కలుస్తాయి. అమ్మానాన్నల్లో ఒకరి ఉద్యోగం మాన్‌హటన్‌లో, మరొకరిది ప్రిన్స్‌టన్ వైపు అయితే మధ్యలో కుదిరే ఊరు ఇదే.

ఓక్ ట్రీ రోడ్డులో పాత దుకాణాలు మూతపడుతుంటే 1990ల నుంచి భారతీయ వ్యాపారులు, ముఖ్యంగా గుజరాతీలు, వాటిని తీసుకుని నిలబెట్టారు. ఐటీ ఉద్యోగాలతో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చింది ఆ తర్వాతే. ఇప్పుడు దగ్గర్లోనే సాయి దత్త పీఠం ఉంది. బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరుడి గుడికి కారులో వెళ్లి రావచ్చు. గోంగూర కోసం ఇండియా నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులకేసి చూడాల్సిన పని లేదు.

ఇలాంటి ఊళ్లకి భూగోళ శాస్త్రవేత్త వెయ్ లీ 1990ల్లో ‘ఎత్నోబర్బ్’ అని పేరు పెట్టారు. ఆమె చూసింది లాస్ ఏంజెలెస్ పక్కన చైనీయులు స్థిరపడిన శాన్ గాబ్రియెల్ వ్యాలీ. పాత రోజుల్లో వలస వచ్చినవాళ్లు ముందు నగరం నడిబొడ్డున ఇరుకు పేటల్లో ఉండి, డబ్బు కూడాక శివారుకి వెళ్లి, అక్కడ తెల్లవాళ్లలో కలిసిపోయేవాళ్లు. ఎత్నోబర్బ్‌లో అలా కాదు. విమానం దిగి నేరుగా శివారుకే వస్తారు, భాషా తిండీ పండగా అన్నీ వెంట తెచ్చుకుంటారు.

ఇదంతా సాఫీగా ఏమీ జరగలేదు. 1987లో జెర్సీ సిటీలో బొట్టు పెట్టుకున్నవాళ్లే లక్ష్యంగా ‘డాట్‌బస్టర్స్’ పేరుతో ముఠాలు దాడులు చేశాయి. 2017లో ఎడిసన్ స్కూల్ బోర్డు ఎన్నికల ముందు ఇద్దరు ఆసియన్ అభ్యర్థుల ఫొటోల మీద ‘దేశం నుంచి పంపేయండి’ అని అచ్చేసిన కరపత్రాలు ఇళ్లకి పోస్టులో వచ్చాయి. నాలుగేళ్లకి, 2021 చివర్లో, అదే ఊరు సామ్ జోషీని మేయరుగా ఎన్నుకుంది. రెండూ ఆ ఊరే.

‘డైవర్స్’ అన్న మాటకి లెక్క ఏమిటి

అమెరికా సెన్సస్ వాడే డైవర్సిటీ సూచిక అర్థం సులువే. ఊళ్లో కళ్లు మూసుకుని ఇద్దర్ని ఎంచుకుంటే, వాళ్లు వేర్వేరు జాతి వర్గాలకి చెందినవాళ్లయ్యే అవకాశం ఎంత? నాలుగు వర్గాలు తలా 25 శాతం ఉంటే ఆ అవకాశం 75 శాతం. ఒక వర్గం 50 శాతం, మిగతావి 25, 15, 10 అయితే 65.5 శాతం. ఒకే వర్గం 80 శాతం, మిగతావి 10, 5, 5 అయితే 34.5 శాతం.

ఈ లెక్కలో ఒక విశేషం ఉంది. మనవాళ్లు ఒక ఊరికి పెరుగుతూ పోతే మొదట్లో ఆ ఊరి డైవర్సిటీ పెరుగుతుంది. ఒక హద్దు దాటాక తగ్గడం మొదలవుతుంది. ఎడిసన్‌లో ఇప్పుడు దాదాపు సగం మంది ఆసియన్లు.

లెక్కకి అందనివి రెండున్నాయి. సెన్సస్ ‘ఆసియన్’ అనే గడిలో తెలుగు, గుజరాతీ, చైనీయుడు, కొరియన్, ఫిలిపీనో అందరూ ఒక్కటే. మనకి మాత్రం వీళ్లలో ఎవరు ‘మన’ అన్నది పెద్ద ప్రశ్న. మనలో మనకైనా అంతే. 2022 ఆగస్టులో ఎడిసన్‌లో జరిగిన ఇండియా డే పెరేడ్‌లో బుల్డోజర్ కనబడినప్పుడు, అది తమ ఇళ్లు కూల్చిన గుర్తు అని భారతీయ ముస్లింలు బాధపడ్డారు. పెద్ద గొడవే అయింది. తర్వాత నిర్వాహకులు క్షమాపణ చెప్పారు. ‘మనవాళ్లు’ అన్న మాటలో ఎవరున్నారో, ఎవరు లేరో ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది.

రెండోది వీధుల సంగతి. రెండు ఊళ్లు తీసుకుందాం, రెంట్లోనూ రెండు వర్గాలు సగం సగం. మొదటి ఊళ్లో ప్రతి వీధిలోనూ ఇద్దరూ ఉన్నారు. రెండో ఊళ్లో రైలు పట్టాలకి అటు ఒకరు, ఇటు ఒకరు. సూచిక రెంటికీ 50 శాతమే చూపిస్తుంది. బతుకు మాత్రం ఒకటి కాదు. ఊరి మొత్తం అంకె చూసి సంతోషపడేవాళ్లకి ఈ తేడా కనబడదు.

బడి రేటింగు ఏం కొలుస్తుంది

ఎడిసన్‌లో రెండు పబ్లిక్ హైస్కూళ్లున్నాయి. ఉత్తరాన జె.పి. స్టీవెన్స్, దక్షిణాన ఎడిసన్ హై. మనవాళ్ల సంభాషణల్లో మొదటిదానికి ఉన్న పేరే వేరు. ఆ పేరు ఇళ్ల ధరల్లోకీ ఎక్కింది. పదికి ఇన్ని అని వెబ్‌సైట్లు ఇచ్చే రేటింగుల్లో పరీక్ష మార్కులది పెద్ద వాటా. స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ బృందం దేశమంతటి ఫలితాల్ని పరిశీలించి తేల్చింది ఏమిటంటే, సగటు మార్కులు కుటుంబాల ఆర్థిక స్థితితో గట్టిగా ముడిపడి ఉంటాయి. పిల్లలు ఏటా ఎంత నేర్చుకుంటున్నారన్నది మాత్రం దానితో అంతగా ముడిపడి లేదు.

ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక బడిలో పిల్లలు మూడో క్లాసులో 80 దగ్గర మొదలై ఎనిమిదో క్లాసుకి 82కి చేరారు. ఇంకో బడిలో 50 దగ్గర మొదలై 68కి చేరారు. రేటింగులో మొదటిదే పైన ఉంటుంది. ఎక్కువ నేర్పింది రెండోది.

పోటీ మాటేమిటి? ఇదే రైలు మార్గంలో ప్రిన్స్‌టన్ జంక్షన్ దగ్గర వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో అనే స్కూలు జిల్లా ఉంది, అంటే రెండు ఊళ్ల బడుల్ని కలిపి నడిపే సంస్థ. అక్కడి విద్యార్థుల్లో అధిక శాతం ఆసియన్లు. 2015లో అక్కడి సూపరింటెండెంట్ డేవిడ్ ఆడర్‌హోల్డ్ పిల్లల మీద ఒత్తిడి ప్రమాద స్థాయికి చేరిందని తల్లిదండ్రులకి లేఖ రాశారు. మిడ్‌టర్మ్, ఫైనల్ పరీక్షలు తీసేశారు, హోంవర్కు లేని రాత్రులు పెట్టారు. ఊరు రెండుగా చీలింది. చాలామంది తెల్ల తల్లిదండ్రులు సరేనన్నారు. చాలామంది ఆసియన్ తల్లిదండ్రులు చదువు స్థాయి దించేస్తున్నారని వాదించారు. వాళ్ల వాదనని కొట్టిపారేయడం తేలిక, కానీ న్యాయం కాదు. అక్కడ పలుకుబడి, ఆస్తి, పాత పరిచయాలు లేనివాళ్లకి పరీక్ష ఒక్కటే నిచ్చెన. మనం ఎక్కి వచ్చిందీ దానిమీదే. అయినా ఇంటర్ ఫలితాల రోజున హైదరాబాదు, విజయవాడల్లో ఏమవుతుందో చూసినవాళ్లం మనం. ఆ లేఖని పట్టించుకోకుండా ఎలా ఉండగలం?

ఇంటి ధర వెనక దాక్కున్న పన్ను

ప్రాపర్టీ టాక్సులో న్యూజెర్సీ దేశంలోనే ముందు వరసలో ఉంది. రాష్ట్రంలో సగటు బిల్లు 2024లో ఏడాదికి 10 వేల డాలర్లు దాటింది. అందులో సుమారు సగం బడులకి వెళ్తుంది. మిగతాది ఊరికీ, కౌంటీకీ. అయోమయం పన్ను రేటు దగ్గర మొదలవుతుంది. ఒక ఊళ్లో రేటు 5 శాతం, పక్క ఊళ్లో 2 శాతం అని వినగానే మొదటిది దోపిడీ అనిపిస్తుంది. పన్ను వేసేది ఊరు కట్టిన విలువ మీద, బజారు ధర మీద కాదు. కొన్ని ఊళ్లు దశాబ్దాల తరబడి ఆ విలువల్ని సవరించవు. మొదటి ఊళ్లో 6 లక్షల డాలర్ల ఇంటికి కాగితం మీద విలువ 2 లక్షల 40 వేలు: పన్ను 12 వేలు. రెండో ఊళ్లో అదే ఇంటికి విలువ 6 లక్షలే: అక్కడా 12 వేలే.

నెల లెక్క వేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. 6 లక్షల ఇంటికి 20 శాతం చేతి డబ్బు, మిగతా 4 లక్షల 80 వేలు 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ల లోను అనుకుంటే నెలకి 3,034 డాలర్లు. పన్ను 1,000, ఇన్సూరెన్స్ 150 కలిపితే 4,184. దాని బదులు 5 లక్షల టౌన్‌హౌస్ తీసుకుంటే లోను వాయిదా 2,528, పన్ను 833, ఇన్సూరెన్స్ 60, అసోసియేషన్ ఫీజు 450 అనుకుందాం: మొత్తం 3,871. ఇంటి ధరలో లక్ష తేడా ఉన్నా నెలకి మిగిలేది 313 డాలర్లే.

నలభై ఐదు నిమిషాల రైలు

మెట్రోపార్క్ నుంచి న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి ముప్పావు గంట, కాస్త అటూ ఇటూ. టైంటేబుల్లో మాట ఇది. ఆ రైళ్లన్నీ హడ్సన్ నది కిందకి దిగేది 1910లో తెరిచిన రెండు సొరంగాల్లోంచి. 2012లో శాండీ తుఫానులో వాటిలోకి ఉప్పు నీళ్లు చేరాయి. గేట్‌వే ప్రాజెక్టు కింద కొత్త సొరంగాలు వచ్చేదాకా ఒక తీగ తెగినా వేలమంది రాత్రి భోజనం ఆలస్యమవుతుంది. 2024 ఎండాకాలంలో అదే జరిగింది. ఆ జులైలోనే ఎన్‌జే ట్రాన్సిట్ ఛార్జీలు 15 శాతం పెరిగాయి.

పన్ను విషయంలో కొత్తవాళ్లని ఎక్కువగా భయపెట్టేది ‘రెండు రాష్ట్రాలకీ కట్టాలా’ అన్నది. న్యూయార్క్‌లో పనిచేసి న్యూజెర్సీలో ఉంటే జీతం మీద ముందు న్యూయార్క్ రాష్ట్రానికి కట్టాలి. ఆ మేరకు న్యూజెర్సీ మినహాయింపు ఇస్తుంది. స్థూలంగా, రెంటిలో ఏది ఎక్కువైతే అంత. న్యూయార్క్ నగరం సొంతంగా వేసే పన్ను నగరంలో ఉండేవాళ్లకే. లక్షన్నర డాలర్ల జీతానికి అది రమారమి 5 వేలు ఉంటుంది, శివారులో ఉంటే తప్పుతుంది. ఇంట్లోంచే పనిచేసే రోజులకి కూడా, అది కంపెనీ అవసరం కొద్దీ కాక ఉద్యోగి సౌకర్యం కోసమైతే, న్యూయార్క్ తన పన్ను తాను తీసుకుంటుంది. దీని మీద రెండు రాష్ట్రాల మధ్యా ఏళ్లుగా తగువు నడుస్తోంది.

వీసా మీద ఉండగా ఇల్లు

హెచ్1బి మీద ఉన్నవాళ్లు ఇల్లు కొనడానికి చట్టం అడ్డు చెప్పదు, బ్యాంకులూ లోను ఇస్తాయి. టెన్షన్ వేరే చోట ఉంది. ఉద్యోగం పోతే సాధారణంగా దొరికే గడువు 60 రోజులు. ఇండియాలో పుట్టినవాళ్లకి గ్రీన్‌కార్డు క్యూ పదేళ్లు దాటి సాగుతోంది. ‘అద్దె కట్టి పోగొట్టుకునే బదులు కొనడమే నయం’ అనేవాళ్లదీ, ‘60 రోజుల్లో ఇల్లు ఎలా అమ్ముతాం’ అనేవాళ్లదీ ఒకేలాంటి జీవితం నుంచి పుట్టిన వాదనే. బడి మారకూడదన్న కోరిక చాలా ఇళ్లలో ఈ రెండో భయాన్ని గెలుస్తుంది.

మన తర్వాత వచ్చేవాళ్లకి తలుపు ఎవరు తీస్తారు

జాతి చూసి అడ్డుకోవడం నేరమయ్యాక, ఊళ్ల చేతిలో మిగిలిన సాధనం జోనింగ్. ఎక్కడ ఏ రకం ఇల్లు కట్టొచ్చో చెప్పే నిబంధన అది. ఎకరానికి ఒక్క ఇల్లే, అపార్ట్‌మెంట్లు కూడదు అంటే చాలు. ఎవరి పేరూ ఎత్తకుండానే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లందరూ బయటే ఉండిపోతారు.

దక్షిణ న్యూజెర్సీలో మౌంట్ లారెల్ అనే ఊళ్లో తరతరాలుగా ఉంటున్న నల్ల కుటుంబాలు అక్కడే తక్కువ అద్దె ఇళ్లు కట్టుకుంటామని అడిగితే ఊరు ఒప్పుకోలేదు. ఈథెల్ లారెన్స్ అనే టీచరమ్మ ముందు నిలబడి పోరాడింది. ప్రతి ఊరూ తన వాటా మేరకు తక్కువ, ఓ మోస్తరు ఆదాయాల వాళ్ల ఇళ్లకి చోటివ్వాలని 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. 1983లో మళ్లీ గట్టిగా చెప్పింది. 2024లో చేసిన కొత్త చట్టం ప్రకారం 2025 నుంచి 2035 దాకా ఏ ఊరు ఎన్ని ఇళ్లకి చోటివ్వాలో లెక్క కట్టారు. కొన్ని ఊళ్లు కోర్టుకెక్కాయి.

వాళ్లు చెప్పే కారణాలు కొట్టిపారేసేవి కావు. ఇప్పటికే బడులు కిక్కిరిసి ఉన్నాయి, రోడ్లు చాలవు, వానొస్తే నీళ్లు నిలుస్తాయి, బిల్డర్లు ఈ పేరు చెప్పి వందల ఖరీదైన ఫ్లాట్లు కట్టుకుంటున్నారు అంటారు. అటువైపు వాళ్లు, ఊరి బడిలో టీచరు, ఆస్పత్రి నర్సు, ఓక్ ట్రీ రోడ్డు వంటవాడు అదే ఊళ్లో ఉండలేకపోతే అది ఎవరి ఊరని అడుగుతారు. మన పేరు వినగానే తలుపు మూసే హక్కు ఒకప్పుడు ఊళ్లకి ఉండేది, అది పోయాకే మనం ఇక్కడికి రాగలిగాం. అందుకే నాకు రెండో ప్రశ్నే ఎక్కువ బరువుగా అనిపిస్తుంది.

ఈథెల్ లారెన్స్ 1994లో చనిపోయింది. ఆమె పేరు పెట్టిన ఇళ్లలోకి మౌంట్ లారెల్‌లో మొదటి కుటుంబాలు దిగింది ఆ తర్వాత ఆరేళ్లకి పైగా గడిచాక. ప్రిన్స్‌టన్ సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాసీ బృందం తర్వాత వెళ్లి ఆ ఇళ్లనీ, చుట్టుపక్కల పేటల్నీ పరిశీలించింది. నేరాలు పెరుగుతాయని, ఇళ్ల ధరలు పడిపోతాయని, పన్నులు పెరుగుతాయని ఊరు భయపడింది. మూడూ జరగలేదు. చుట్టుపక్కల ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి ఆ ఇళ్లు అక్కడ ఉన్న సంగతే తెలియదు.